పదిహేడో తొట్టి

వేడినీళ్ళలో వేళ్ళు పెట్టడం ఐదో రోజుకి కూడా ఆమెకు చేతకాలేదు.

“పెట్టకూడదు చెల్లీ, ముంచి తియ్యాలి. నీళ్ళకి తెలిసేలోగా బయటికొచ్చెయ్యాలి” అంది పక్కతొట్టి మనిషి.

ఆ మనిషిని షెడ్డులో అందరూ సన్నదారం అంటారు. సొంత పేరేమిటని అడిగితే ఎవరైనా కాస్త ఆలోచించుకోవాలి. ఉడుకునీళ్ళలో తేలే పట్టుగూళ్ళను పుల్లల కుంచెతో తట్టి, కొసలు దొరకబుచ్చుకుని, ఐదారు పోగులు కలిపి పైన తిరిగే చక్రానికి అందిస్తుంది. అందరూ చేసేది అదే. ఆవిడ తొట్టి మీద మాత్రం దారం కంటికి ఆనదు. కిటికీ వెలుతురు అడ్డంగా పడ్డప్పుడే గాలిలో గీత గీసినట్టు మెరుస్తుంది. అందుకే ఆవిడకు పదిహేడో తొట్టి ఇచ్చారు. ఆవిరిగొట్టం మొదలు దాని పక్కనే. అక్కడ ఎప్పుడూ మంచు పట్టినట్టుంటుంది. ఆ తేమలో దారం తెగదు.

పద్దెనిమిదో తొట్టి ఆమెది. కొత్తగా పనిలో చేరిందని షెడ్డు అనుకుంటోంది. నిజానికి ఆమెకు బజారులో బట్టలకొట్టు మేడ మీద ఒక గది, ఆ గది తలుపుకి ‘ఆంతరంగిక విచారణలు’ అని రాసిన చెక్క పలక ఉన్నాయి. గుర్రబ్బళ్ళు తిరిగే ఆ రోజుల్లో అటువంటి పలక పెట్టుకున్న ఆడది ఆ పట్నంలో ఆమె ఒక్కతే. వెనక ‘డిటెక్టివమ్మ’ అని నవ్వుకునేవాళ్ళు కూడా, ఇంట్లో ఏదైనా పోతే ముందు ఆ మెట్లే ఎక్కేవారు.

పట్టు మిల్లు యజమాని కూడా అలాగే ఎక్కాడు. నాలుగు నెలలుగా బరువు తగ్గుతోందన్నాడు. సాయంత్రం చక్రాల మీంచి తీసి షెడ్డులో తూచిన దారం చుట్టలు, అంటే చిలపలు, రాత్రంతా వసారాలో కర్రలకు వేలాడతాయి. పొద్దున ఎవరి చిలప వాళ్ళే మెలితిప్పి నంబరు చీటీ కట్టాలి. మధ్యాహ్నం కొత్తగా కట్టిన రేకుల గోదాములో మళ్ళీ తూస్తారు. అప్పటికి ముప్పై తులాలు తక్కువ. రోజూ. “మెలితిప్పేటప్పుడే లాగేస్తున్నారు. మగవాణ్ణి కాపలా పెడితే వాళ్ళు వాణ్ణే మెలితిప్పేస్తారు. ఆడవాళ్ళ మధ్య ఆడదే కూర్చోవాలి” అన్నాడు.

ఆమె కూర్చుంది. ఐదు రోజులుగా తలవంచుకుని ఓరకంట చూస్తోంది. రెండో రోజున వేళ్ళు పొక్కులెక్కితే, సన్నదారం తన నడుములోంచి దారానికి పనికిరాని పట్టుపీచు ఇంత తీసి ఆమె చూపుడువేలికి, నడివేలికి మెత్తగా చుట్టింది. “మొదటి నెల అందరికీ ఇంతే. నేను ఏడ్చాను కూడా. మా అత్త వచ్చి తొట్టి దగ్గర నుంచుని, ఏడుపు నీళ్ళు కూడా కలిపితే తొట్టి చల్లారిపోతుందే అంది” అని నవ్వింది.

ఆ నవ్వు కూడా ఆమె మనసులో రాసుకుంది. నవ్వించేవాళ్ళ మీద ఒక కన్ను వేసి ఉంచడం ఆ వృత్తిలో అలవాటు.

*

ఐదో రోజు సాయంత్రం యజమాని మేడగదిలో ఆమె చీటీలు పరిచింది. ఏ తొట్టి చిలప ఎంత తగ్గుతోందో నంబరువారీగా కాటా గుమాస్తా చేత రాయించింది.

“అందరివీ తులం, తులంపావు తగ్గుతున్నాయి. పదిహేడోది మూడు తులాలు.”

“అంటే అందరూ దొంగలే, అది పెద్ద దొంగ.”

“ఇంకో వారం చూస్తే గాని చెప్పలేను.”

“వారమా? ఒకత్తెను పట్టుకుంటే మిగతా ఇరవైముగ్గురూ వాళ్ళంతట వాళ్ళే మానేస్తారు.” అతను చీటీ మీద పదిహేడు చుట్టూ గోరుతో సున్నా చుట్టాడు. “కళ్ళారా ఏమీ చూడలేదా?”

కిటికీ అవతల ఎండుగాలి దుమ్ము లేపుతోంది. ఆమె చీటీలు ఒకదాని మీద ఒకటి పేర్చింది. లేదు అంటే సరిపోయేది. ఐదు రోజులు చెయ్యి కాల్చుకుని ‘లేదు’ అన్న ఒక్క ముక్కతో మెట్లు దిగడానికి మనసొప్పలేదు.

“నడుములో ఏదో దోపుకుంటూంటే చూశాను” అంది.

అది అబద్ధం కాదు. అదేమిటో ఆమెకు తెలుసు. ఆమె వేళ్ళకూ అదే ఉంది.

*

మర్నాడు పని దిగే కూత వేశాక గేటు తలుపు ఒక రెక్కే తీశారు. వాచ్‌మన్ భార్య అక్కడ నుంచుంది. యజమాని మెట్ల మీదికి వచ్చాడు. అతను ఆ వేళప్పుడు కిందికి రావడం ఎవరూ చూడలేదు.

“పదిహేడో తొట్టి, నువ్విటు రా.”

సన్నదారం వెనక్కి చూసింది, ఇంకెవరినైనా పిలిచాడేమోనని. తరవాత వెళ్ళింది. వాచ్‌మన్ భార్య ఆవిడ అన్నం డబ్బా మూత తీసి తిరగేసింది. కొంగు దులిపింది. జాకెట్టు చేతులు తడిమింది. ముడి విప్పమంది. సన్నదారం చేతులు పైకి లేవకపోతే తనే విప్పింది. నెరిసిన పాయలు రెండు ముందుకు పడ్డాయి. అంతమందిలో ఆవిడ జుట్టు విప్పి ఉండగా ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఒకరిద్దరు మొహాలు తిప్పుకున్నారు. నడుములోంచి మూడు పీచు ఉండలు వచ్చాయి, కందిగింజంతవి.

“ఇదేమిటి?” అన్నాడు యజమాని.

“వేళ్ళకి చుట్టుకునే పీచండీ.”

“పీచైతే పట్టు కాదా?”

గుంపులోంచి కూతత్త గొంతు లేచింది. మిల్లు కూత కన్నా ముందే వచ్చి గేటు తట్టే ముసలామె. షెడ్డులో అందరి కన్నా పాతమనిషి. “అలాగైతే నా నడుం కూడా చూడండి బాబూ. నెల పీచుంది. దిండు కుట్టుకోవచ్చు.”

కొందరు నవ్వబోయారు.

“నీ వంతూ వస్తుంది” అన్నాడు యజమాని. నవ్వు ఆగిపోయింది. “రేపణ్ణుంచి నువ్వు రానక్కర్లేదు” అన్నాడు సన్నదారంతో.

ఆవిడ చేతులు జుట్టు మీదికి వెళ్ళాయి. ఏమైనా అనడానికి ముందు జుట్టు ముడేసుకోవాలనుకున్నట్టుంది. ముడికి కట్టే నల్లతాడు కనబడలేదు. నేల మీద వెతుక్కుంటూ వంగి, ఆడవాళ్ళ పాదాల మధ్య చూసుకుంటూ వచ్చింది. ఆమె ముందు ఆగింది.

“కాస్త కాలు తియ్యి చెల్లీ” అంది.

తాడు ఆమె మడమ కింద ఉంది. ఎప్పుడు తొక్కిందో ఆమెకు తెలియదు. కాలు తీసింది. పీచు చుట్టిన వేళ్ళు రెండూ కొంగులోకి లాక్కుంది.

*

వెంటనే మానేస్తే అనుమానిస్తారు, ఇంకో రెండు రోజులు కూర్చోమన్నాడు యజమాని. కూర్చుంది. పదిహేడో తొట్టికి ఇరవయ్యోదాన్ని మార్చారు. ఆ పిల్ల దారం గంటకోసారి తెగింది. తెగినప్పుడల్లా, “ఇది నా తొట్టి కాదత్తా, నా చెయ్యి దానికి నచ్చట్లేదు” అంటూ కూతత్తకు చెప్పుకుంది. కూతత్త కుంచె ఆపలేదు. మధ్యాహ్నం బాయిలరు కడగడానికి ఆవిరి ఆపేశారు. పని పెందలాడే దించి, పొడిగా ఉన్న షెడ్డులోనే చిలపలు తూచారు. ఆ రాత్రి వాన పట్టుకుంది. పొద్దున్నకి కూడా వదల్లేదు. రేకుల గోదాములో గోడలు చెమ్మెక్కి బూజు వాసన కొట్టాయి.

మధ్యాహ్నం యజమాని కబురు పెడితే గోదాములోకి వెళ్ళింది. కాటా గుమాస్తా త్రాసు పక్కన చీటీలతో నుంచున్నాడు. యజమాని మొహం వెలిగిపోతోంది.

“చూశారా? ఒక్కర్తెను పంపితే చాలన్నానా లేదా? ఒక్క తులం కూడా తగ్గలేదు. పైగా ఏడు తులాలు ఎక్కువ!”

“ఎక్కువా?”

“ఎక్కువే. అందరికీ బుద్ధొచ్చింది.”

అతను వెళ్ళిపోయాక కూడా ఆమె అక్కడే ఉండిపోయింది. వాన రేకుల మీద పడుతూనే ఉంది. దొంగతనం ఆగితే నిన్న తూచినంతే రావాలి. ఏడు తులాలు ఎవరు తెచ్చి పెట్టారు? బుద్ధి వచ్చినవాళ్ళు రాత్రి వచ్చి కర్రల మీద పట్టు కలిపిపోయారా?

“బాబాయిగారూ, ఒక చిలప ఇవ్వండి” అంది.

త్రాసులో వేసింది. ఇరవైతొమ్మిదిన్నర. తీసుకుపోయి బాయిలరు తలుపు ఎదుట, వేడి తగిలేంత దూరంలో కర్రకు వేలాడదీసింది. నిప్పు ఎగదోసేవాడు వింతగా చూశాడు. ఆమె గోడకి ఆనుకుని నుంచుంది. కాసేపటికి తెచ్చి తూచింది. ఇరవైఏడు. మళ్ళీ తీసుకుపోయి షెడ్డులో పదిహేడో తొట్టి వెనక, ఆవిరిగొట్టం మొదట్లో, పట్టుకుని నుంచుంది. చిలప మీద సన్నటి చెమట పట్టింది. తెచ్చి తూచింది. ముప్పై దాటింది.

కాటా గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అందుకేనేమో, పాత మేనేజరుగారు రెండుసార్లూ షెడ్డులోనే తూపించేవారు. గోదాము కట్టాక ఇటు మార్చారు.”

“మీకు తెలియదా?”

“నాకు కాటా తెలుసమ్మా. పట్టు తెలీదు.”

ఆమె షెడ్డులోకి వెళ్ళి కూతత్త తొట్టి పక్కన నుంచుంది. “అత్తా, పట్టు ఎండుగాలికి తేలికవుతుందా?”

కూతత్త తల ఎత్తలేదు. “తడిసిన జుట్టు ఆరితే తేలికవదా? ఇదీ అంతే. ఆవిరి మింగుతుంది, గాలికి కక్కుతుంది. పదిహేడోది ఇంకా ఎక్కువ మింగుతుంది, గొట్టం పక్కనే కదా. ఇది కూడా తెలీకుండా పనిలోకి వచ్చావేమే?”

“మరి ఆ రోజు గేటు దగ్గర చెప్పలేదేం?”

“ఏమని చెప్పను? పీచు గురించి అడిగాడు, పీచు గురించి చెప్పాం. బరువు తగ్గుతోందని మాతో ఎవరన్నారు?”

ఆమె తన తొట్టి దగ్గరికి వచ్చి కూర్చుంది. గూళ్ళు ఉడుకుతున్నాయి. కుంచె చేతిలోకి తీసుకుంది గాని నీళ్ళలో పెట్టలేకపోయింది.

*

“అయితే దొంగతనం జరగనే లేదంటారు” అన్నాడు యజమాని. చాలాసేపు పెన్సిలు చెక్కాడు. మొన అప్పటికే సూదిలా ఉంది.

“ఆవిణ్ణి వెనక్కి పిలవండి.”

“ఎలా పిలుస్తాను? అందరి ముందూ వెతికించాను. ఇప్పుడు పిలిస్తే షెడ్డంతా నా నెత్తినెక్కి కూర్చుంటుంది. మా బావమరిదికి పొరుగూళ్ళో మిల్లుంది. చీటీ రాసిస్తాను, అక్కడికి పొమ్మనండి. గొడవ లేకుండా.”

“పొరపాటు నాది. నేనే చెబుతాను, అందరి ముందూ.”

“మీరా?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “మీ మొహం ఇంతమందికి తెలిసిపోతే రేపు ఏ ఇంట్లో కూర్చుని ఏం కనిపెడతారు? అవసరమా మీకు? నా మాట విని ఇంటికెళ్ళి పడుకోండి.”

అంత దయగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. ఆమె చీటీ తీసుకుంది. తీసుకున్నందుకు మెట్లు దిగుతూ సిగ్గుపడింది.

*

సన్నదారం ఇల్లు పొడుగాటి వరసలో ఒక గది. గుమ్మంలో అత్తగారు కూర్చుని ఉంది.

“జ్వరం దానికి. ఎవరినీ రానివ్వట్లేదు” అంది గట్టిగా, పక్కింటికి కూడా వినబడేలా. తరవాత గొంతు తగ్గించి, “మిల్లు నుంచా? లోపలికి పో” అంది.

సన్నదారం చాప మీద కూర్చుని పాత దుప్పటికి అతుకు వేస్తోంది. జ్వరం లేదు. ఆమెను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది.

“వేళ్ళెలా ఉన్నాయి చెల్లీ?”

“తగ్గాయి.”

“నావి చూడు.” చెయ్యి చాపింది. వేళ్ళ కొసలు నున్నగా ఉన్నాయి. “పదహారేళ్ళలో ఇవి నీళ్ళల్లో నానకుండా ఇన్ని రోజులు లేవు. సూది పట్టుకుంటే నా వేళ్ళు కావేమో అనిపిస్తోంది.”

ఆమె చీటీ తీయలేదు. కూర్చోకుండానే చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేననిపించింది.

“నిన్ను వెతికించింది నేనే అక్కా.”

సూది ఆగింది.

“నేను పనికోసం రాలేదు. ఎవరు దొంగో కనిపెట్టడానికి వచ్చాను. నీ పేరు నేనే చెప్పాను.”

సన్నదారం ఆమె మొహం కేసి కాదు, చేతుల కేసి చూసింది. “మరి ఆ పొక్కులు?”

“అవి నిజమైనవే.”

“అదే. అవి కూడా వేషమేమోనని.”

ఆమె తేమ గురించి, త్రాసు గురించి, ఏడు తులాల గురించి చెప్పుకుపోయింది. సన్నదారం వింది. విన్నాక కోపం కన్నా ముందు విస్తుపోయింది.

“ఆరితే తగ్గదూ? నన్నడక్కపోయావా? ఐదు రోజులు పక్కనే ఉన్నావు. పిల్లలెందరని అడిగావు. ఇల్లెక్కడని అడిగావు. మా ఆయన తాగుతాడా అని కూడా అడిగావు. ఇదొక్కటీ అడగలేకపోయావా?”

నిజమే. అడగలేదు. ఎవరినైనా పని గురించి అడగాలనే తోచలేదు. వాళ్ళ దగ్గర దొరికేది దొంగతనం ఒక్కటే అన్నట్టు వెతికింది.

“తప్పయిందందిగా, ఊరుకోవే. పక్కవాళ్ళు వింటారు” అంది అత్తగారు గుమ్మంలోంచి.

“విననీ అత్తా. జ్వరమని నువ్వు చెబుతుంటే నమ్మినట్టు నటిస్తున్నారు. వాళ్ళకీ విసుగొచ్చుంటుంది.” సన్నదారం దారం పళ్ళతో తెంపింది. “నా జుట్టు ఈ గదిలో విప్పలేదు చెల్లీ. ఈ గదిలో చెబితే మా అత్తకి తప్ప ఎవరికి? మా అత్త నన్నెప్పుడూ దొంగనుకోలేదు. ఎక్కడ విప్పారో అక్కడ చెప్పు. చెప్పగలిగితే చెప్పు. లేకపోతే జ్వరమే అనుకుంటాం.”

చెబితే ఇక తన పని ఉండదని ఆమె నాలుక చివర దాకా వచ్చింది. ఎదురుగా ఆ నున్నటి వేళ్ళు దుప్పటి మడత పెడుతున్నాయి. మాట మింగేసింది.

“రేపు పొద్దున రా అక్కా” అంది.

*

వాన వెలిసింది. గేటు ముందు బురద. ఆమె తన సొంత చీర, తన సొంత చెప్పులతో వచ్చింది. పనికి వచ్చిన ఆడవాళ్ళు ముందు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక ఒకరినొకరు మోచేతులతో పొడుచుకున్నారు. “కొత్తమ్మా, పెళ్ళికా?” అని ఎవరో అన్నారు.

వరసకు వెనక, కాస్త ఎడంగా, సన్నదారం డబ్బా పట్టుకుని నుంచుంది.

ఆమె మాట మొదలుపెట్టేసరికి కూత వేశారు. పెదాలు కదిలాయి గాని ఎవరికీ ఏమీ వినబడలేదు. కూత ఆగేదాకా అలా నోరు తెరుచుకుని నుంచుని, మళ్ళీ మొదటినుంచీ చెప్పింది. తానెవరో చెప్పింది. ఎందుకు వచ్చిందో చెప్పింది. పీచు పీచేనని తెలిసి కూడా, నడుములో ఏదో దోపుకుందని యజమానికి చెప్పానంది. గాలి చేసిన పనికి ఒక మనిషిని దొంగని చేశానంది. ఎంత పొడుగ్గా చెప్పాలని వచ్చిందో అంతా నాలుగు ముక్కల్లో అయిపోయింది. తరవాత ఏం చెయ్యాలో తెలియలేదు.

ఎవరూ లోపలికి కదల్లేదు. గేటు లోపల కాటా గుమాస్తా నేల చూశాడు. వాచ్‌మన్ మేడ కిటికీ కేసి చూశాడు. కిటికీలో మనిషి ఉన్నాడు, తరవాత లేడు.

“అయితే పదిహేడో తొట్టి ఎవరిదీ?” అంది కూతత్త వాచ్‌మన్‌తో. వాడికేం తెలుసు. లోపల గూళ్ళు ఉడికిపోతున్న వాసన వస్తోంది. ఎక్కువ ఉడికితే దారం రాదు, పీచే వస్తుంది. అది వాచ్‌మన్‌కి కూడా తెలుసు.

యజమాని దిగివచ్చాడు. “గూళ్ళు పాడవుతున్నాయి. ఏమిటీ తమాషా? లోపలికి రండి.”

“పదిహేడోది కూడానా అండీ?”

అతను ఎవరి మొహమూ చూడలేదు. “అందరూ” అన్నాడు. అనేసి గిరుక్కున వెళ్ళిపోయాడు.

వరస కదిలింది. ముందు కూతత్త. ఆమె ఎదుటికి రాగానే ఆగి, డబ్బా చంకన పెట్టుకుని రెండు చేతులూ పైకెత్తింది.

“చూసుకో తల్లీ. లోపలికి వెళ్ళేటప్పుడే చూసేసుకో. మళ్ళీ పొరపాటు పడతావు.”

వెనక నవ్వులు. రెండో మనిషి కూడా ఆగి చేతులెత్తింది. మూడో మనిషి ఎత్తింది. నాలుగో మనిషికి వచ్చేసరికి నవ్వు లేదు. ఒక్కొక్కరే వచ్చి, ఆగి, చేతులెత్తి, దించి, లోపలికి పోతున్నారు. ఇరవయ్యో తొట్టి పిల్ల ఎత్తేటప్పుడు కళ్ళు మూసుకుంది. చెప్పేస్తే అయిపోతుందనుకున్న ఆమెకు అసలుది ఇప్పుడు మొదలైందని తెలిసింది. పక్కకి తప్పుకోవాలనిపించింది. తప్పుకోవడం న్యాయం కాదని అక్కడే నుంచుంది.

చివర సన్నదారం వచ్చింది. జుట్టు గట్టిగా ముడేసి ఉంది. ఆగింది. చేతులెత్తలేదు.

ఎవరూ చెప్పకుండానే ఆమె చేతులు రెండూ పైకి లేచాయి. పొక్కులు మానుతున్న వేళ్ళు గేటు చువ్వల ఎత్తున గాలిలో నిలబడ్డాయి.

సన్నదారం ఆమెను తల నుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది.

“దించమ్మా” అంది. “నీ దగ్గర ఏముంటుంది వెతకడానికి?”

చెల్లీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది. కాసేపటికి పద్దెనిమిదోది తప్ప చక్రాలన్నీ తిరగడం మొదలుపెట్టాయి. వాచ్‌మన్ గేటు రెక్క పట్టుకుని ఎదురుచూస్తున్నాడు, ఈవిడ చేతులెప్పుడు దించుతుందో తెలియక.